దూర ప్రయాణానికి సైకిల్, సరంజామా: 150వ కిలోమీటరు దగ్గర తేలే లెక్క

షాపులో సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్లొస్తే ఏ సైకిలైనా బాగానే అనిపిస్తుంది. అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం, ఘాట్‌లో గేర్లు చాలక దిగి నెట్టుకుంటూ పోవడం, ఇవన్నీ నూరు కిలోమీటర్లు దాటాకే బయటపడతాయి. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటాం. అందుకే కింద రాసినదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఒళ్లు అలిసి, కడుపు ఖాళీగా ఉండి, వెనకాల పది కిలోల సామానుతో 150వ కిలోమీటరు దగ్గర ఉన్నప్పుడు ఈ సైకిల్ నాతో ఎలా ఉంటుంది?

బైక్‌ప్యాకింగ్ అంటే సైకిల్ ఫ్రేముకే సంచులు కట్టుకుని, తక్కువ సామానుతో రోజుల తరబడి తిరగడం. మన దగ్గర బైక్ అంటే పెట్రోల్ పోసేదే కాబట్టి ఈ మాట వినగానే "మైలేజీ ఎంతిస్తుంది?" అని అడిగినవాళ్లున్నారు. నేను చెప్పేది తొక్కే సైకిల్ గురించే. ఉదాహరణకి హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిని తీసుకుంటాను. దాదాపు 210 కిలోమీటర్లు. అందులో హైవే ఉంది, ఊళ్లున్నాయి, అడవి ఉంది, ఘాట్ ఉంది. ఈ దారికి సరిపోయే సైకిల్ మన రెండు రాష్ట్రాల్లో చాలా దారులకి సరిపోతుంది.

మొదటి అడుగు: సైకిల్ కంటే ముందు దారి

ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు? దారిలో అన్నిటికంటే చెడ్డ రోడ్డు ఏది? అన్నిటికంటే నిటారు ఎక్కుడు ఎక్కడ? రాత్రి పడుకునేది ఎక్కడ?

శ్రీశైలానికి ఇది రాస్తే సగం పని అయిపోతుంది. కడ్తాల్, ఆమన్‌గల్, డిండి మీదుగా మన్ననూరు దాకా టీ కొట్లకీ, నీళ్లకీ కొదవ లేదు. మన్ననూరు తర్వాత నల్లమల మొదలవుతుంది. అది పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట చెక్‌పోస్టు గేటు మూసేస్తారు, లోపల టెంటు వేసుకుందామంటే కుదరదు. అంటే మొదటి రోజు మన్ననూరులోనే ఆగి గది తీసుకుని, తెల్లారాక అడవి దాటాలి. గది ఉంది కాబట్టి టెంటు వద్దు, స్లీపింగ్ బ్యాగు వద్దు, స్టవ్ వద్దు. సామాను నాలుగైదు కిలోలకి దిగిపోయింది. అంత తక్కువ సామానుకి ప్రత్యేకంగా టూరింగ్ సైకిల్ కొనక్కర్లేదు. చూశారా, సైకిల్ షాపుకి వెళ్లకముందే కొంత డబ్బు మిగిలింది.

మీ ఉద్దేశం బ్రెవే (గడువులోగా పూర్తిచేయాల్సిన దూర సైకిల్ ప్రయాణం) అయితే లెక్క వేరు. బ్రెవేలు నడిపే ఆడాక్స్ పద్ధతిలో 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40 గంటలు గడువు. తిండి, పంచర్లు, కునుకు అన్నీ ఆ గడువులోనే. సగటు వేగం గంటకి 15 కిలోమీటర్లే కదా అని తేలిగ్గా తీసుకుంటాం గానీ, ఓ గంటన్నర అటూ ఇటూ పోతే తొక్కేటప్పుడు గంటకి 17 దాకా రావాలి. అక్కడ సామాను బరువు కంటే కూర్చునే తీరు, లైట్లు ముఖ్యం.

రెండో అడుగు: ఏ రకం సైకిల్

షాపువాళ్లు రోడ్ బైక్, హైబ్రిడ్ (రోడ్ బైక్‌కీ ఎంటీబీకీ మధ్యరకం), గ్రావెల్ (మట్టి, కంకర దారులకి పనికొచ్చే లావు టైర్ల రోడ్ బైక్), టూరింగ్, ఎంటీబీ (కొండదారుల సైకిల్) అంటూ చాలా పేర్లు చెప్తారు. దూర ప్రయాణానికి పేరు కంటే మూడు సంగతులు ముఖ్యం: ఎంత లావు టైరు పడుతుంది, క్యారియర్ బిగించడానికి మరచుట్టు రంధ్రాలు ఉన్నాయా, అన్నిటికంటే తేలికైన గేరు ఎంత తేలిక.

నా అభిప్రాయం అడిగితే, మొదటిసారి కొనేవాళ్లకి ముందు చక్రానికి సస్పెన్షన్ లేని హైబ్రిడ్ గానీ గ్రావెల్ సైకిల్ గానీ చాలు. చవక సస్పెన్షన్ ఫోర్క్ మన గతుకుల్ని పెద్దగా తగ్గించదు. ఒకటి రెండు కిలోల బరువు మాత్రం పెంచుతుంది. ఎక్కుడులో లేచి నిలబడి తొక్కితే మన బలంలో కొంత దాని ఊగుడుకే పోతుంది. అసలైన సస్పెన్షన్ లావు టైరులో ఉంది, దాని ఖరీదు కూడా తక్కువే.

ఇంట్లో పాత స్టీలు ఎంటీబీ మూలన పడి ఉంటే దాన్ని అమ్మెయ్యకండి. గుబ్బల టైర్లు తీసేసి ఒకటిన్నర అంగుళం నున్నటి టైర్లు వేసి, ఒక క్యారియర్ బిగిస్తే చక్కటి టూరింగ్ సైకిల్ తయారవుతుంది. దానికి సాధారణంగా తేలిక గేర్లు ముందే ఉంటాయి.

కార్బన్ ఫ్రేము తేలికే, కానీ సంచుల పట్టీలు రాసుకునే చోట అరుగుతుంది, క్యారియర్‌కి రంధ్రాలు తరచూ ఉండవు. అల్యూమినియం మధ్యరకం. స్టీలు బరువెక్కువ, అయితే దెబ్బ తగిలితే ఒక్కసారిగా విరగదు, వంగి హెచ్చరిస్తుంది. మూడు నాలుగు రోజుల ప్రయాణాలకి అల్యూమినియంతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

మూడో అడుగు: షాపులో పళ్లు లెక్కపెట్టండి

పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు, సైకిల్ షాపులో చైన్‌రింగు (పెడల్స్ దగ్గరి పళ్ల చక్రం) పళ్లు చూడాలి. ముందు చిన్న చైన్‌రింగుకి ఎన్ని పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు? ముందుదాన్ని వెనకదానితో భాగించండి.

ముందు 34, వెనక 28 ఉందనుకోండి. భాగిస్తే 1.21. చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.1 మీటర్లు ముందుకెళ్తుంది కాబట్టి పెడల్ ఒక చుట్టుకి 2.55 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి తొమ్మిది కిలోమీటర్లు పైనే. ఘాట్‌లో, సామానుతో, ఎండలో తొమ్మిది కిలోమీటర్ల వేగం అందరికీ రాదు. అంతకంటే నెమ్మదిగా పోతే కాలు తిరగడం తగ్గి, ప్రతి తొక్కుడికీ మోకాలి మీద భారం పడుతుంది. అదే ముందు 34, వెనక 34 అయితే గంటకి ఏడున్నర. ముందు 26, వెనక 34 అయితే ఆరు కంటే తక్కువే. ఆరులో కూడా 60 చుట్లు తిరుగుతోందంటే మోకాళ్లు భద్రం.

సామానుతో వెళ్లేవాళ్లకి ఆ భాగహారం ఒకటి గానీ అంతకంటే తక్కువ గానీ రావాలి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక రోడ్డు కృష్ణ దాకా దిగుతుంది, లింగాలగట్టు దగ్గర నది దాటి మళ్లీ గుడి దాకా ఎక్కుతుంది. దిగేటప్పుడు కనిపించే అవతలి కొండే మీరు ఎక్కాల్సింది. విశాఖ నుంచి అరకు వెళ్తే శృంగవరపుకోట తర్వాత ఘాట్ మొదలై గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి. అక్కడ "పై గేరు స్పీడు ఎంత" అని ఎవరూ అడగరు.

సైకిల్ నచ్చింది, గేరు మాత్రం బరువుగా ఉందంటే వెనక కాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) మార్పించుకోవచ్చు. అయితే డిరైలర్ (గేరు మార్చినప్పుడు చైనుని జరిపే పరికరం) పెద్ద పళ్ల చక్రాన్ని అందుకోగలదా అని కొనేముందే మెకానిక్‌ని అడగండి. కొన్నిటికి డిరైలర్, చైను కూడా మార్చాల్సి వస్తుంది, అప్పుడు ఖర్చు ఎక్కువ.

ఇంకో రెండు చూసుకోండి. వెనక చక్రానికి కనీసం 32 స్పోకులు ఉండాలి. సామాను బరువుకి ముందుగా తెగేవి వెనక చక్రంలో చైను వైపు స్పోకులే. బ్రేకుల్లో వైరుతో పనిచేసే డిస్క్ బ్రేకులు నాకు ఇష్టం. వానలో పట్టుంటుంది, వైరు తెగితే చిన్న ఊళ్లో కూడా ఏదో ఒకటి దొరుకుతుంది. హైడ్రాలిక్ ఇంకా మెత్తగా పట్టేస్తుంది గానీ, ఆయిలు కారితే దారిలో చేసేదేమీ ఉండదు.

నాలుగో అడుగు: సైజు, సీటు

తప్పు సైజు సైకిల్‌ని ఏ సరంజామా సరిచేయలేదు. సగం ధరకి వస్తోందని ఒక సైజు పెద్దది కొన్న తప్పు నేనూ చేశాను. హ్యాండిల్ అందుకోవడానికి ముందుకి సాగి సాగి, డిండి చేరేసరికి మెడ పక్కకి తిరగలేదు.

సీటు ఎత్తుకి సులువైన పద్ధతి ఉంది. గోడని పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. చాలామంది కాళ్లు నేలకి పూర్తిగా ఆనాలని సీటు దించేస్తారు. మోకాలి నొప్పులు అక్కడే మొదలవుతాయి.

మెత్తటి సీటు మంచిదనుకోవడం మరో పొరపాటు. జెల్ కవరు పది కిలోమీటర్లు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఎముకలు అందులోకి దిగబడి, మెత్తన మధ్యకి ఉబ్బి, ఒత్తకూడని చోట ఒత్తుతుంది. పిరుదుల ఎముకల వెడల్పుకి సరిపడే, కాస్త గట్టి సీటు తీసుకోండి. ఆ వెడల్పు ఇంట్లోనే కొలవచ్చు. గట్టి స్టూలు మీద అట్టముక్క వేసుకుని కాసేపు ముందుకి వంగి కూర్చుంటే రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య దూరం చూసుకోండి. సీటు దానికంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉంటే చాలు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఒరుసుకునే చోట ముందే వ్యాజిలిన్ రాసుకోండి. మొహమాటపడి ఇది ఎవరూ చెప్పరు, రెండో రోజు అందరికీ తెలుస్తుంది.

ఐదో అడుగు: టైర్ల దగ్గర పిసినారితనం వద్దు

డబ్బులో ఎక్కువ వాటా టైర్లకే పెట్టండి. వెడల్పు 32 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మన రోడ్లకి సరిపోతుంది. గాలి మరీ బిగించి పెట్టకండి. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 40 నుంచి 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), 32 అయితే 60 దగ్గర మొదలుపెట్టి చూడండి. సామాను ఉంటే వెనక ఐదారు పెంచాలి.

మన దగ్గర పంచర్లకి రెండు మూలాలు. ఒకటి సర్కారు తుమ్మ ముల్లు. రోడ్డు అంచున కంప కొట్టిపడేసిన చోట దిగారంటే రెండు చక్రాలూ పోతాయి. రెండోది కంటికి కనిపించదు. లారీ టైర్లు పేలినప్పుడు వాటిలోని సన్నటి ఉక్కు తీగ ముక్కలు హైవే అంచున చెదిరి పడతాయి. వెంట్రుక కంటే కాస్త లావు, గోరంత పొడవు. ట్యూబు మార్చి గాలి కొట్టి బయల్దేరిన పదినిమిషాలకే మళ్లీ గాలి పోయిందంటే ఆ తీగ టైరులోనే ఉండిపోయిందన్నమాట. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా దూదితో గానీ చేతిగుడ్డతో గానీ తుడవండి, పోగు చిక్కుకున్న చోట తీగ ఉంటుంది. దాన్ని లాగడానికి కనుబొమలు తీసుకునే ప్లక్కర్ ఒకటి పనిముట్లలో వేసుకోండి. పది గ్రాములుండదు, నన్ను కనీసం నాలుగుసార్లు కాపాడింది.

ట్యూబ్‌లెస్ అయితే లోపల పోసే సీలెంట్ ద్రవం ఇలాంటి చిన్న రంధ్రాల్ని దానంతటదే మూసేస్తుంది. కానీ మన ఎండలకి అది త్వరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసి పోయించుకునే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ట్యూబ్‌లెస్ ఉన్నా ఒక ట్యూబు వెంట ఉండాల్సిందే.

వాల్వు సంగతి మరిచిపోవద్దు. ఖరీదైన సైకిళ్లకి సన్నటి ప్రెస్టా వాల్వు వస్తుంది. పంచర్ షాపులో గాలి పైపు స్కూటర్, కారు వాల్వులకే పడుతుంది. ఇత్తడి అడాప్టర్ ఒకటి చిన్నది, వేలికొనంత, కొని వాల్వు మీదే బిగించి ఉంచండి. అది లేక ఆమన్‌గల్ దగ్గర పంచర్ షాపు ముందే కూర్చుని, చేతి పంపుతో మూడువందల సార్లు కొట్టాను. షాపతను బీడీ కాలుస్తూ లెక్కపెట్టాడు.

ఆరో అడుగు: సామాను ఎక్కడ కట్టాలి

రెండు పద్ధతులున్నాయి. క్యారియర్‌కి రెండు వైపులా తగిలించే ప్యానియర్ సంచులు ఒకటి. ఫ్రేము మధ్యలో, హ్యాండిల్ ముందు, సీటు కింద కట్టుకునే బైక్‌ప్యాకింగ్ సంచులు రెండోది.

తారు రోడ్డు, గదులు, వారం దాటే ప్రయాణమైతే ప్యానియర్లు. సర్దడం, తీయడం సులువు, లాడ్జి మెట్లు ఎక్కేటప్పుడు చేతిలో పట్టుకుని పోవచ్చు. మట్టిదారులు, కాలిబాటలు, రెండు మూడు రాత్రులైతే బైక్‌ప్యాకింగ్ సంచులు. ఇవి కదలవు, గాలికి అడ్డురావు, కానీ కింద ఉన్న చొక్కా కావాలంటే పైన ఉన్నదంతా పీకాలి.

ఏ పద్ధతైనా బరువు కిందికి, మధ్యకి ఉండాలి. పనిముట్లు, పవర్ బ్యాంకు, తిండి ఫ్రేము సంచిలో. బట్టలు సీటు కింద. బరువైనది సీటు సంచిలో పెడితే నిలబడి తొక్కినప్పుడల్లా కుక్క తోకలా ఊగుతుంది. ప్యానియర్లు కొనేముందు వాటిని క్యారియర్‌కి తగిలించి తొక్కి చూడండి. కొన్ని సైకిళ్లకి వెనక చక్రం సీటుకి దగ్గరగా ఉండి మడమ సంచికి కొట్టుకుంటుంది.

క్యారియర్ మరల గురించి ఒక అనుభవం. దోమలపెంట దాటి దిగుతుంటే వెనక నుంచి గలగలమంటోంది. ఆగి చూస్తే క్యారియర్ ఎడమ కాలు మర ఊడి ఎక్కడో పడిపోయింది, క్యారియర్ వంగి బ్రేకు డిస్కుకి వేలెడు దూరంలో ఉంది. వెనక్కి నడిచి వెతికాను, దొరకలేదు. అప్పుడు తట్టింది: నీళ్ల సీసా స్టాండు మరలు కూడా అదే 5 మిల్లీమీటర్ల కొలత. స్టాండు నుంచి ఒకటి తీసి ఇక్కడ బిగించాను. మిగిలిన దారంతా సీసా ఒక్క మర మీద, జిప్ టై సాయంతో నడిచింది. అప్పటి నుంచి రెండు మరలు అదనంగా పెట్టుకుంటాను, ప్రతి ఉదయం టీ తాగే చోట అన్ని మరలూ ఒకసారి వేలితో తడుముతాను.

ఏడో అడుగు: పనిముట్లు

రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, టైరు లీవర్లు, పంపు, చైను తెంచే పరికరం ఉన్న మల్టీటూల్, మీ చైనుకి సరిపడే క్విక్ లింకు (తెగిన చైనుని కలిపే కొక్కెం). వీటితోపాటు మీ సైకిల్‌కి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) తప్పనిసరి. సైకిల్ చైను వైపుకి పడితే ముందుగా వంగేది ఆ చిన్న అల్యూమినియం ముక్కే, ఒక్కో సైకిల్‌కి ఒక్కో ఆకారం, దారిలో ఎక్కడా దొరకదు. పెన్సిల్ మీద చుట్టిన డక్ట్ టేపు, పది జిప్ టైలు, బ్రేకు ప్యాడ్లు ఒక జత. టైరు పక్కగోడ చీలితే లోపల నుంచి పెట్టడానికి పాత టైరు ముక్క. అది లేకపోతే నోటు మడిచి పెట్టినా ఊరు చేరతారు, ఆ తర్వాత అది చెల్లకపోవచ్చు.

రైల్లో సైకిల్ పంపాలనుకుంటే పెడల్స్ విప్పాల్సి రావచ్చు, అందుకు 15 నంబరు స్పానరు కావాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. మామూలు మరలా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది.

ఎనిమిదో అడుగు: లైట్లు, నీళ్లు, బట్టలు

రాత్రి తొక్కే ఉద్దేశం లేకపోయినా లైట్లు ఉండాలి, ఏదో ఒక పంచర్ మిమ్మల్ని చీకటి పడేదాకా ఆపుతుంది. ముందు 400 ల్యూమెన్ల పైన, వెనక ఎర్ర లైట్లు రెండు, ఒకటి ఆగినా ఇంకోటి వెలగాలి. వరి కోతల కాలంలో తెలంగాణ పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. పగలు బంగారంలా మెరుస్తుంది, రాత్రి నల్ల పట్టా కప్పి అంచున రాళ్లు పెడతారు. మసక లైటుతో ఆ రాళ్లు కనిపించవు. రోడ్డు మధ్యకి పోలేం, పక్కన లారీలు. ఆ నెలల్లో చీకటి పడ్డాక పల్లె రోడ్ల మీద నేను తొక్కను.

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా ఫోనుకి అందేది అందులో మూడింట రెండు వంతులే. ఒకటిన్నర రోజుకి లెక్కేసుకోండి.

నీళ్లు మూడు లీటర్లు పట్టే ఏర్పాటు ఉండాలి, ముఖ్యంగా మన్ననూరు దాటేముందు నింపుకోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. ఎండలో ఉత్త నీళ్లే తాగుతూ పోతే కాళ్లు పట్టేయొచ్చు, ఉప్పు వేసిన మజ్జిగ దొరికిన చోటల్లా ఆగండి.

వానాకాలంలో నల్లరేగడి నేలల్లోకి వెళ్తుంటే మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉందో లేదో చూసుకోండి. ఆ మట్టి ముద్దలా పట్టి చక్రాన్ని బిగించేస్తుంది, పుల్లతో గీకుతూ నడవాల్సి వస్తుంది. బట్టలు తొక్కేవి రెండు జతలు, పడుకునేది ఒకటి, వాన కోటు. అంతే.

చివరి అడుగు: ఒక రాత్రి ప్రయోగం

పెద్ద ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు పూర్తి సామానుతో ఒక రాత్రి బయట గడపండి. హైదరాబాద్ వాళ్లకి వికారాబాద్ దగ్గర అనంతగిరి బాగుంటుంది, అరకు దారిలోది కాదు, మన పక్కదే. సుమారు 80 కిలోమీటర్లు, చివర్లో కాస్త ఎక్కుడు. వెళ్లేటప్పుడు కావాలని ఒకసారి ఆగి వెనక చక్రం ఊడదీసి ట్యూబు మార్చండి, చేతులకి ఆ పని అలవాటవుతుంది. ఏది రాసుకుంటోంది, ఏది చప్పుడు చేస్తోంది, ఎన్ని గంటలకి అరచేతులు తిమ్మిరెక్కాయి, అన్నీ ఫోన్లో రాసుకోండి. తిమ్మిరి గంటలోపే వస్తే హ్యాండిల్ కాస్త ఎత్తించాలి.

ఇంటికొచ్చాక సంచులన్నీ హాల్లో బోర్లించి రెండు కుప్పలు చేయండి: వాడినవి, వాడనివి. వాడని కుప్పలో పనిముట్లు, మందులు, వాన కోటు తిరిగి సంచిలోకి పోతాయి. మిగతావి అలమారలోకి. నా మొదటి ప్రయోగంలో వాడని కుప్పలో రెండు జీన్స్ ప్యాంట్లు, ఒక ఇస్త్రీ చొక్కా, స్టీలు డబ్బాలో కేజీ పల్లీపట్టీ ఉన్నాయి. పల్లీపట్టీ మాత్రం మళ్లీ పట్టుకెళ్లాను, డబ్బా లేకుండా.